తెల్లగుట్ట మీద రెండు కొండగోగులు

తెల్లగుట్ట కింద పాతిన బోర్డు తప్పని నేను చెప్పబట్టి ఇది ఎన్నో ఎండకాలమో నాకే లెక్క తప్పింది. అడవి ఆఫీసులో చెప్పాను. మండలాఫీసులో చెప్పాను. సర్పంచికి చాయ తాగించి మరీ చెప్పాను. "చూస్తం సార్" అన్న ముక్క తప్ప ఇంకో మాట వినలేదు. చూడడానికి అక్కడికి పోయినవాడు కూడా ఎవడూ లేడు. నాకిది కొత్త కాదు. మా వాడలో పెండ్లి పత్రికలు పంచుకుంటూ వచ్చిన మనిషి మా ఒక్క ఇల్లు వదిలి పక్కింటికి పోయిన సంగతి నాకు నిన్నటి లెక్క యాదుంది. ఆ పెండ్లికొడుకు ఇప్పుడు తాత అయ్యాడు, నేనింకా ఆ ఇంట మంచినీళ్ళు ముట్టలేదు. అట్లాంటి మనిషిని, మా అవ్వకూ మా అమ్మకూ సంబంధించిన మాట ఒకటి రేకు మీద తప్పుగా రాసి పాతితే ఊరుకుంటానని ఎట్లా అనుకున్నారో నాకు తెలియదు.

సంగతి ఏమిటో ముందే చెప్తాను. కల్వకుర్తి నుంచి మా ఊరికి పోయే తోవలో తెల్లగుట్ట ఉంది. దాని మొదట్లో, కంకర నేల మీద, అరచేయంత పసుపు పూలు పూసే చెట్టు ఒకటుంది. దాని పక్కన ఆకుపచ్చ బోర్డు పెట్టారు: "కొండగోగు. దీని బంకను మందులలో వాడుదురు. అరుదైన వృక్షము. నరకరాదు." ఇందులో ఒక్క అబద్ధం లేదు. కాకపోతే ఆ బంక, ఆ అరుదైన బతుకు ఆ చెట్టువి కావు. అవి గుట్ట నెత్తిన, బండ నెర్రెలో నిలబడ్డ తెల్ల బెరడు చెట్టువి. అదీ కొండగోగే. మొన్న మాఘంలో పోయి చూస్తే దాని మొద్దు మీద ఎర్ర రంగుతో కొట్టివేత గుర్తు వేసి ఉంది. గుట్ట మీదికి రోడ్డు వేస్తారట, పైన నిలబడి నాలుగు దిక్కులూ చూసే మంచె కడతారట. కింద బోర్డున్న చెట్టును తప్పించి రోడ్డు మలుపు తిప్పారు. పైన బోర్డు లేని చెట్టు అడ్డం వచ్చింది. అక్కడ కాపలా ఉన్న పిల్లగాణ్ణి పిలిచి బోర్డు చూపించి అడిగాను.

"ఇది కొండగోగు అని మీకు ఎవరు చెప్పారు?"

"కొండగోగే కద సార్. మా అమ్మ గూడ గిదాన్నే అంటది."

"మీ అమ్మది ఏ ఊరు?"

"దేవరకొండ దిక్కు సార్. ఎందుకు?"

నాకు కోపం పోయి నవ్వొచ్చింది. మా అమ్మది కూడా దేవరకొండ దిక్కే. నేను పుట్టక ముందే మొదలైన కొట్లాట ఇంకా తెగలేదన్నమాట.

మాకు భూమి లేదు. భూమి ఉన్నవాళ్ళకు చెలకలు, మాకు గుట్ట. వానకాలం బాపు పటేండ్ల చేన్లలో కూలికి పోయేవాడు. చలికాలం ముగిసి చేన్లు ఖాళీ అయితే ఇంటిల్లిపాదీ గుట్టెక్కేది. ఆకులన్నీ రాల్చుకుని, కాగితం లెక్క పొరలు పొరలుగా లేచే తెల్ల బెరడుతో ఆ చెట్లు గుట్టంతా నిలబడి ఉండేవి. పొద్దు పొడిచేటప్పుడు దూరం నుంచి చూస్తే గుట్టకు సున్నం వేసినట్టే. ఆ చెట్ల వల్లనే దానికి తెల్లగుట్ట అని పేరు. బాపు మొద్దు మీద బెత్తెడంత గాటు పెట్టి వస్తే కొన్నాళ్ళకు అక్కడ బంక కారి, గడ్డకట్టి, కన్నీటి బొట్లలెక్క వేలాడేది. దాన్ని అవ్వ గీరి గంపలోకి దింపేది. బాపు తల్లి ఆమె, అమ్రాబాదు అడవి అంచు ఊళ్ళలో పుట్టి పెరిగిన మనిషి. చెట్టుతో ఆమెకు ఒక ఒప్పందం ఉండేది. ఈ ఏడు గీసిన చెట్టు దగ్గరికి వచ్చే ఏడు పోనిచ్చేది కాదు. "బాలింతను మల్ల పనికి లేపుతర్రా? పండుకోనీయిండ్రి" అనేది. బాపు ఎంత ఆశపడ్డా ఆ చెట్టు జోలికి పోయేవాడు కాదు.

ఇంటికి తెచ్చిన బంకను వాకిట్లో చాటలో పోసి ఏరడం ఆడవాళ్ళ పని, బడి లేని పూట నా పని కూడా. తెల్లది ఒక దిక్కు, బెరడు ముక్కలు అంటుకున్న ఎర్రది ఒక దిక్కు. ఆ బంకకు సిర్కా వాసన. గంప ఇంట్లో ఉన్నన్ని రోజులూ చింతకాయ తొక్కు జాడీ మూత తీసినట్టుండేది. నా అంగీకి, నా పలకకు, తల కింద పెట్టుకునే గుడ్డకు అదే వాసన. బడిలో నా పక్కన కూర్చునే పటేలు కొడుకు ముక్కు మూసుకుని "పులిసిపోయినోడు వచ్చిండు" అనేవాడు. వాని పేరు రాయను. బతికే ఉన్నాడు, చదివితే వానికే తెలుస్తుంది. కానీ ఇప్పుడు ఎక్కడ సిర్కా వాసన తగిలినా నాకు నోట్లో నీళ్ళు రావు, కండ్లలో వస్తాయి. ఎండకాలం అవ్వ చిటికెడు బంకను గురిగిలో నీళ్ళు పోసి నానేసేది. తెల్లారేసరికి అది ఉబ్బి గురిగి నిండేది. బెల్లం కలిపి పిల్లలకు పోసేది. కడుపు చల్లగుండేది. పెద్దవాళ్ళకు పొద్దున చెంబు పట్టుకుని పోయే పనికి కూడా పనికొచ్చేది. ఆ సంగతి బాపును అడిగితే "పో, నీ పని నువ్వు జూస్కో" అని కసిరేవాడు.

ఇక కొట్లాట. అవ్వ పుట్టిన దిక్కున కొండగోగు అంటే ఈ బంక చెట్టు. అమ్మ పుట్టిన దిక్కున కొండగోగు అంటే గుట్ట మొదట్లో పసుపు పూలు పూసే చెట్టు. దాని కాయ పగిలితే లోపల పట్టులాంటి పత్తి ఉంటుంది. ఇద్దరూ ఒకే ఇంట్లోకి వచ్చారు గానీ ఇద్దరిలో ఒక్కరూ ఆ పేరు వదులుకోలేదు. చాట ముందు కూర్చున్నారంటే మొదలు.

"పువ్వు సూస్తె కండ్లకు కనవడదు, దానికి గోగు పేరా అత్తా? గోగు పువ్వు ఎట్లుంటది? పసుపుగ, ఇంతింత ఉంటది. మా గోగు గట్ల పూస్తది."

"పువ్వు జూసి పేరు వెడ్తరా పిల్లా? గోగంటె నార. మా చెట్టు నారకు ఎద్దును కట్టు, ఆగుతది. నీ పసుపు చెట్టు నారకు మేకపిల్లను కట్టు, తెంపుకపోయి మీ అమ్మగారింట్ల తేలుతది."

"మేకపిల్ల తెలివైంది. గీ ఇంట్ల ఉండుడు దానికి గూడ కష్టమే."

బాపు వచ్చాడంటే ఇద్దరూ కలిసి అతన్ని అడిగేవాళ్ళు, ఏది కొండగోగో చెప్పుమని. బాపు చెప్పులు కూడా విప్పకుండా మళ్ళీ బయటికి పోయేవాడు.

అక్క తొలి కాన్పుకు ఇంటికి వచ్చిన ఏడు ఈ ముచ్చట ముదిరింది. బావ కృష్ణ ఒడ్డున హుజూర్‌నగర్ దిక్కు మనిషి. చదునైన నల్లరేగడి ఆయనది. గుట్టను దూరం నుంచి చూసి బాగుందనడం తప్ప ఎక్కి ఎరుగడు. కొడుకు పుట్టాడని తెలిసి కొత్త టెర్లిన్ అంగీ తొడుక్కుని వచ్చాడు. ఆ అంగీని చూడడానికే మా వాడవాళ్ళు సగం మంది వచ్చారు. పసిగుడ్డు తల కిందికి మెత్త కుడతానని, దానికి కొండగోగు పత్తి కావాలని అమ్మ అన్నది. బావ లేచాడు.

"నేను తెస్త అత్తమ్మా. ఎంతసేపటి పని?"

"వద్దు అల్లుడా, ఎండ గొడ్తాంది. రేపు మేము పోతం" అని అమ్మ అంటూనే ఉంది, ఆయన గడప దాటాడు. గడప అవతల అరుగు మీద అవ్వ కూర్చుని ఉంది.

"ఏడికి మన్మడా?"

"కొండగోగు కాయలకు. చెట్టు యాడుంటది అవ్వా?"

"గదే, గుట్ట మీద తెల్లగ మెరుస్తలేదా, గదే. ఎర్రగ సుక్కల్లెక్క ఉంటయ్ కాయలు. ఏం, గింజలు ఏంచుకోని తింటవా? చేతికి గుడ్డ సుట్టుకోని తెంపు" అని అవ్వ అన్నది. చివరి మాట ఆయనకు వినబడలేదు.

ఆ కాయలు నిజంగానే నక్షత్రాల్లెక్క ఐదు రెక్కలతో, ఎర్ర మఖ్మల్ కప్పినట్టుంటాయి. చూస్తే ముద్దు పెట్టుకోబుద్ధవుతుంది. ఆ మఖ్మలంతా దురదగొండి నూగు. బావ తన టెర్లిన్ అంగీ విప్పి, దాన్ని మూట చేసి, నిండా కాయలు తెంపి, మూటను రొమ్ముకు అదుముకుని గుట్ట దిగాడు. వాడ మొదట్లోకి వచ్చేసరికి మూట పారేసి గోడకు వీపు రుద్దుతున్నాడు. ఒళ్ళంతా దద్దుర్లు. మూటలో దూది పోగు ఒక్కటి లేదు.

"నన్ను కావాల్నని పంపిండ్రు" అన్నాడు. "గీ ఇంట్ల బువ్వ ముట్ట. బస్సుకు పోత."

ఇది నవ్వులాట కాదు. తొలి కాన్పు నాడు అల్లుడు అలిగి అన్నం తినకుండా పోతే, అక్కను మళ్ళీ తోలుకపోవడానికి ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో ఎవరికి తెలుసు? లోపల అక్క బిడ్డను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ నా దిక్కు తిరిగింది. అవ్వ రెండడుగుల దూరంలోనే ఉన్నా మాట మాత్రం నాతో అన్నది.

"మీ అవ్వనడుగు. పసుపు చెట్టు వదిలి దురద చెట్టు ఎందుకు జూపిందో అడుగు."

"మీ అమ్మకు చెప్పు" అన్నది అవ్వ. "కొండగోగు ఏదన్నడు, కొండగోగు జూపిన. నా నోట్ల తప్పు మాట రాలె."

అంతలోనే అవ్వ లేచి గురిగిలో నానిన బంకను తెచ్చింది. ఇంకో మాట లేకుండా బావ వీపుకు చల్లగా పూయడం మొదలుపెట్టింది. అమ్మ కాసేపు చూసి, కొంగు నడుముకు చెక్కి, రొమ్ము దిక్కు తాను పూసింది. కొట్లాడకుండా ఒక్క పనిని ఇద్దరూ ఒకేసారి చేయగా నేను చూడడం అదే మొదలు. మంట తగ్గుతున్నకొద్దీ బావ మొహం మారింది. చివరికి చుట్టూ నిలబడ్డ మా అందరినీ చూసి, "ఇగనన్న ఎవల గోగో ముందుగాల చెప్పుండ్రి. అవ్వగోగా, అమ్మగోగా?" అన్నాడు. అవ్వ నవ్వింది. అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. ఆయన అన్నం తిన్నాడు. మరునాడు పొద్దున్నే అత్తాకోడండ్లు ఇద్దరూ గుట్టకు పోయారు. పసుపు చెట్టు కొమ్మను అవ్వే వంచి పట్టుకుంటే అమ్మ కాయలు తెంపింది. ఆ మెత్త మీద మా అక్క కొడుకు పండుకున్నాడు, తర్వాత పుట్టిన పిల్లలందరూ పండుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఆనాటి నుంచి అవ్వగోగు, అమ్మగోగు అనే పేర్లే నిలిచాయి.

ఇంత చరిత్ర ఉన్న మాట కనుకనే కాలేజీలో నాకు అంత అవమానమైంది. పాలమూరులో హాస్టల్లో ఉండి చదువుకునే రోజులు. బోటనీ సారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఇస్త్రీ మడత నలగకుండా నిలబడేవాడు. బంక ఇచ్చే చెట్ల పాఠంలో కొండగోగు గురించి ఎవరికైనా తెలుసా అని అడిగాడు. నేను లేచాను.

"రెండుంటయ్ సార్. ఒకటి తెల్ల బెరడుది, పూలు కనబడీ కనబడనట్టు ఉంటయ్. గదే బంకది. ఇంకోటి పసుపు పూలది."

"గదే ఏమిటోయ్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. "ఒక పేరుకు రెండు చెట్లు చెప్పేవాడు ఒక చెట్టునైనా సరిగ్గా చూసి ఉండడు. కూర్చో."

నేను కూర్చున్నాను గానీ ఊరుకోలేదు. ఆదివారం ఊరికి పోయి రెండు చెట్ల కొమ్మలూ పూలతో సహా విరిచి, తడి గోనెలో చుట్టి, బస్సు మీద వేసుకుని వచ్చాను. సోమవారం పొద్దున ఆయన బల్ల మీద పెట్టాను. సారు రెండు కొమ్మలనూ తిప్పి తిప్పి చూశాడు. తర్వాత గదిలోంచి భూతద్దం తెచ్చి, "కూర్చో" అన్నాడు. ఈసారి ఆ మాట వేరేగా ఉంది. హాస్టలు ముంగిట మందారం తెమ్మని, మూడు పూలనూ బ్లేడుతో నిలువునా చీల్చి చూపించాడు. మందారంలో కేసరాలన్నీ కలిసి గొట్టం లెక్క ఉంటాయి. బంక చెట్టు పువ్వు ఇంతంతే. దానికి రెక్కలే లేవు, ఉన్నది పచ్చటి గిన్నెలాంటి రక్షక పత్రమే. కానీ దాని కేసరాలు కూడా ఒక్క కాడ మీదనే గుంపు కట్టి ఉన్నాయి. పసుపు పువ్వులో కేసరాలు లెక్కలేనన్ని, దేనికది విడివిడిగా. ఆకులు చూస్తే రెండు చెట్లవీ వేళ్ళు చాచిన చెయ్యిలాగే ఉంటాయి గనుకనే జనం మోసపోతారని సారు అన్నాడు. బంక చెట్టు లాటిన్ పేరు చివరన మండించేది అనే మాట ఉందని కూడా చెప్పాడు. నాకు బావ గుర్తొచ్చి నవ్వాను. నవ్వినందుకు చెవి మెలిపెట్టాడు.

అప్పుడు నాకు అవ్వ మాట తట్టింది. నార గోగు నార లెక్కనే ఉంటుంది, బంక బెండకాయ జిగురు లెక్కనే సాగుతుంది, కేసరాలు మందారం లెక్కనే ఒక్క కాడ మీద ఉన్నాయి. మందారం, గోగు ఒకే కుటుంబమైతే బంక చెట్టు కూడా ఆ ఇంటిదే కావాలి కదా సార్ అన్నాను.

"కాదు. పక్కిల్లు. పుస్తకంలో మధ్యన గోడ ఉంది."

"గోడ ఎవరు కట్టిండ్రు సార్?"

"నీకోసం కొట్టేయమంటావా?" అన్నాడు. పరీక్షలో నేను బంక చెట్టును గోగు కుటుంబంలో రాస్తే ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టాడు. అది నేను మరిచిపోలేదు. అయితే ఆ రోజు నుంచి లాబొరేటరీ తాళం తీసి ఉన్నంతసేపూ ఆ భూతద్దం నా చేతిలోనే ఉండేది. ఎవరైనా అడిగితే "అది వాడి దగ్గరే ఉండనీ, గుట్ట మనిషి" అనేవాడు. నేను సైన్సు టీచరునై జీతం తీసుకుని, పిల్లలను చదివించుకున్నానంటే ఆ భూతద్దం వల్ల. అది కూడా నేను మరిచిపోలేదు. ఫిర్యాదులు చేసేవానికి కృతజ్ఞత ఉండదని జనం అనుకుంటారు. నాలాంటివానికే రెండూ యాదుంటాయి.

రిటైరైన తర్వాత మనుమరాలి కాలేజీ పుస్తకం తిరగేస్తుంటే చూశాను. గోడ కొట్టేశారు. గోగు, పత్తి, బెండ, మందారం, మా బంక చెట్టు, అన్నీ ఇప్పుడు ఒకే కుటుంబం. పసుపు పూల చెట్టును రంగు గింజల జాఫ్రా చెట్టుతో కలిపి వేరే ఇంట్లో పెట్టారు. కానీ ఆ రెండు కుటుంబాలూ ఒకే క్రమంలో ఉన్నాయి. అంటే ఇండ్లు వేరు, వాడ ఒకటే. అవ్వ నారను చూసి చెప్పింది నిజమైంది, అమ్మ పువ్వును చూసి చెప్పినదీ పూర్తిగా అబద్ధం కాలేదు. ఇద్దరూ పోయారు. సారూ పోయాడు. ఆ పేజీ చూపించవలసినవాళ్ళు ఒక్కరూ మిగలలేదు. చివరికి బావకు ఫోను చేశాను. "నాకు అప్పుడే తెల్సు, గోకిన చెయ్యి నాది" అన్నాడు.

పుస్తకంలో ఇల్లు దొరికింది గానీ గుట్ట మీద చెట్టు లేదు. అవ్వ పోయినాక బంక కోసం కొత్త మనుషులు వచ్చారు. బెత్తెడు గాటు పోయి మూరెడు గాటు వచ్చింది. పండుకున్న చెట్టును కూడా లేపి గీశారు. గాట్లు మానక, లోపల పుచ్చి, గాలికి ఒక్కొక్కటే ఒరిగాయి. కింద మొలిచిన పిల్లచెట్లను మేకలు కొంత, ఎండకాలపు మంటలు కొంత తిన్నాయి. కొన్ని రాష్ట్రాల్లో ఆ చెట్టుకు గాటు పెట్టడమే ఆపించారని చదివాను. దేశం మొత్తం లెక్కలో దాన్ని ఏ వరుసలో పెట్టారో నేను చెప్పలేను. మా గుట్ట లెక్క మాత్రం చెప్పగలను. నా చిన్నప్పుడు గుట్టంతా అవే, ఇప్పుడు ఒక్కటి. పసుపు పూల చెట్టుకు ఆ గతి పట్టలేదు. దాని దగ్గర పత్తి తప్ప జనం ఎక్కువ అడగలేదు. స్పాంజి మెత్తలు వచ్చాక పత్తి కూడా అడగలేదు. పైగా అందగత్తె, పార్కుల్లో పిలిచి మరీ నాటుతున్నారు. అది బాగుండాలి. దాని మీద నాకు ఏ కోపమూ లేదు, అది మా అమ్మ చెట్టు. తెల్లగుట్టకు ఆ పేరెందుకు వచ్చిందని మొన్న కాపలా పిల్లగాణ్ణి అడిగితే, "కంకర మిషన్ల దుమ్ము వల్ల కావొచ్చు సార్" అన్నాడు.

ఆనాడు ఒక పేరు రెండు చెట్ల మీద పడితే ఒక అల్లుని ఒళ్ళు మండింది. అత్తాకోడండ్లు కలిసి పూస్తే చల్లారింది. ఇప్పుడు అదే పేరు మళ్ళీ తప్పు చెట్టు మీద పడింది. ఈసారి మంట పుట్టించే చెట్టే పోయేటట్టుంది. నేను పెద్దది ఏమీ అడగడం లేదు. కింది బోర్డు తీయవద్దు, అందులో బంక మాట ఒక్కటి తీసి పత్తి మాట రాయండి. పైన ఇంకో బోర్డు పాతండి. దాని మీద కూడా కొండగోగు అనే రాయండి, ఇది గోగు ఇంటిదని రాయండి, ఈ గుట్ట మీద ఇంకొకటి లేదని రాయండి. మొద్దు మీది ఎర్ర రంగు తుడిచేయండి. రోడ్డును కింద ఒక చెట్టు కోసం తిప్పినవాళ్ళు పైన ఇంకో చెట్టు కోసం తిప్పలేరా? తిప్పలేమంటే ఆ మాటే చెప్పండి, కానీ నా మొహం చూసి చెప్పండి. "చూస్తం" అన్న ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. మాఘం పోయింది, ఎండలు ముదరక ముందే, ఆ చెట్టు మీద ఎర్ర కాయలు రాక ముందే, గుట్ట ఎక్కి దాని కింద నిలబడి నాకు జవాబు చెప్పండి: ఇది కొండగోగు అవునా, కాదా?